అమెరికా డాలర్ నాణేలు దాచుకోవాలా, ఖర్చు పెట్టేయాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీలో రైలు టికెట్ మెషిన్లలో చిల్లరగా వచ్చినవి, ఇల్లు ఖాళీ చేస్తూ పక్కింటి పెద్దావిడ ఇచ్చినవి కలిపి మీ దగ్గర ఒక కాఫీ డబ్బా నిండా డాలర్ నాణేలున్నాయి. ఎక్కువగా బంగారు రంగువి, కొన్ని క్వార్టర్‌లా (25 సెంట్ల నాణెం) ఉండే తెల్లవి, రెండు మాత్రం బాగా పెద్దవి. షాపులో ఇస్తే క్యాషియర్ వింతగా చూస్తోంది. "ఎవరూ వాడట్లేదు కాబట్టే రేపు రేటు పెరుగుతుంది, దాచండి" అని మీ బావగారు అంటున్నారు. ఇండియాకు తీసుకెళ్లి మార్చుకోవచ్చా అని కూడా అడిగారు. ఏం చేయాలి?

సూటిగా చెప్పాలంటే, ఖర్చు పెట్టేయండి. లేదంటే బ్యాంకులో వేసేయండి. మీ డబ్బాలో ఉన్నవి దాదాపు అన్నీ అచ్చంగా ఒక్కో డాలరే, ఇంకో ముప్పై ఏళ్లు దాచినా ఒక్కో డాలరే. అయితే బ్యాంకుకు వెళ్లేముందు ఒక సాయంత్రం కూర్చుని ఏరండి. పక్కన పెట్టాల్సినవి నాలుగైదు రకాలే, అవి ఎలా పట్టుకోవాలో కింద రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లుగా నాణేలు సేకరిస్తున్నాను, టెక్సాస్‌లో వారాంతాల్లో జరిగే కాయిన్ షోలలో టేబుల్ కూడా పెడుతుంటాను. ఇలాంటి డబ్బానో జిప్ కవరో పట్టుకుని ఎవరో ఒకరు రాని షో ఉండదు. వాళ్లందరి మనసులోనూ మీ బావగారి లెక్కే ఉంటుంది. ముందు దాని సంగతి చూద్దాం.

జనం వాడకపోవడం వేరు, దొరక్కపోవడం వేరు. 1979లో, మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన సూజన్ బి. ఆంథనీ బొమ్మతో డాలర్ వచ్చింది. మొదటి ఏడాదే 75 కోట్లకు పైగా కొట్టారు. సైజు 26.5 మిల్లీమీటర్లు, క్వార్టర్ ఏమో 24.26. రంగూ అదే, అంచున గీతలూ అవే. చీకట్లో కాదు, పట్టపగలే జనం పొరబడ్డారు. అసలైతే ఈ నాణేన్ని 11 పలకలుగా చేద్దామనుకున్నారు, వెండింగ్ మెషిన్ల వాళ్లు ఒప్పుకోలేదు. దాంతో నాణెం గుండ్రంగానే ఉండిపోయి, లోపలి అంచు గీత మాత్రం 11 పలకలతో మిగిలింది. మీ దగ్గరున్న తెల్లవాటిలో చూడండి, స్పష్టంగా కనిపిస్తుంది. 1980కి ఉత్పత్తి 9 కోట్ల లోపుకు పడిపోయింది. 1981లో సేకరణదారుల సెట్ల కోసం మాత్రమే కొట్టారు. మిగిలిన కోట్ల నాణేలు ఏళ్ల తరబడి ప్రభుత్వ గోదాముల్లో పడున్నాయి.

2000లో బంగారు రంగు సకాగవియా వచ్చింది. వీపున బిడ్డను మోస్తున్న షోషోనీ తెగ యువతి బొమ్మ. ఈసారి రంగు మార్చారు, అంచు నున్నగా చేశారు, వాల్‌మార్ట్‌లో చిల్లరగా ఇప్పించారు, చీరియోస్ అనే బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ డబ్బాల్లో పెట్టి మరీ ప్రచారం చేశారు. ఆ ఒక్క ఏడాదే సుమారు 128 కోట్లు. జనం చేసిందేమిటి? కొత్తగా, ముద్దుగా ఉందని తలా ఒకటి తీసుకుని డ్రాయర్లో వేసుకున్నారు. మర్నాడు మళ్లీ నోటే వాడారు. 2002 నుంచి ఇది కూడా సేకరణదారులకే పరిమితమైంది.

2007లో అధ్యక్షుల బొమ్మలతో ఏడాదికి నాలుగు చొప్పున మొదలుపెట్టారు. జార్జ్ వాషింగ్టన్ ఒక్కడివే 34 కోట్లు. 2011 చివరికి ఫెడరల్ రిజర్వ్ ఖజానాల్లో సుమారు 140 కోట్ల డాలర్ నాణేలు అడిగేవాడు లేక పేరుకుపోయాయి. ఆ డిసెంబర్‌లో ట్రెజరీ కార్యదర్శి టిమతీ గైట్నర్ చలామణీ కోసం కొట్టడం ఆపించేశారు.

ఈ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది. నాణేలను జనంలోకి తోయడానికి టంకశాల 250 నాణేల పెట్టెలను ముఖవిలువకే, పోస్టేజీ కూడా లేకుండా ఇంటికి పంపే పథకం పెట్టింది. కొందరు తెలివైనవాళ్లు విమాన ప్రయాణానికి పనికొచ్చే మైల్స్ ఇచ్చే క్రెడిట్ కార్డు మీద వేలకు వేల డాలర్ల పెట్టెలు తెప్పించి, సీలు కూడా తీయకుండా నేరుగా బ్యాంకులో జమ చేసి, ఆ డబ్బుతోనే కార్డు బిల్లు కట్టేసి, విమానాల్లో ఉచితంగా తిరిగారు. 2011 జులైలో టంకశాల కార్డులు తీసుకోవడం మానేసింది. మన దేశీ వాట్సాప్ గ్రూపులు అప్పటికి లేకపోబట్టి సరిపోయింది కానీ, ఉంటే ఇంకా ముందే మూతపడేది!

నవ్వుకోవడానికి మాత్రమే చెప్పట్లేదు. మామూలు నాణెం చేతులు మారుతూ అరిగిపోతుంది, అందుకే అరగని పాతదానికి గిరాకీ. డాలర్ నాణేలు అసలు చేతులే మారలేదు. పెట్టెల్లో, రోల్స్‌లో, డ్రాయర్లలో నిగనిగలాడుతూ కోట్లల్లో ఉన్నాయి. "మాది కొత్తగా మెరుస్తోందండీ" అని ఎవరైనా అన్నప్పుడు నేను తల ఊపి ఊరుకుంటాను, ఎందుకంటే అందరివీ అలాగే మెరుస్తున్నాయి. మీరు దాచుకుంటున్నట్టే అమెరికా అంతా దాచుకుంది. ఇక కొనేదెవరు?

పైగా దాచినందుకు వడ్డీ రాదు. 1979లో ఒక డాలర్‌కు వచ్చిన సరుకు ఇప్పుడు కావాలంటే నాలుగు డాలర్లకు పైనే పెట్టాలి. అప్పటి ఆంథనీ డాలర్ మాత్రం ఇప్పటికీ డాలరే.

లోహం విలువ సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మనవాళ్లు అడిగే రెండో ప్రశ్న అదే. బంగారు రంగే తప్ప అందులో బంగారం పిసరంత కూడా లేదు. రాగి 88.5 శాతం, జింకు 6, మాంగనీసు 3.5, నికెల్ 2 శాతం. బరువు 8.1 గ్రాములు. కరిగిస్తే పది సెంట్లు అటూ ఇటూ. చేతులు మారేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, అది మామూలే. దయచేసి చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమకండి. డాలర్‌గా వాడేదైతే తోమనక్కర్లేదు, విలువైనదైతే తోమగానే ఆ విలువ పోతుంది.

ఇప్పుడు ఏరడం. నేను షోలో చేసే వరుసలోనే చెబుతాను.

మొదట ఆ రెండు పెద్ద నాణేలు. అవి ఐసెన్‌హోవర్ డాలర్లు, 1971 నుంచి 1978 వరకు కొట్టినవి. వెనుక చంద్రుడి మీద వాలుతున్న డేగ ఉంటుంది, అపోలో 11 గుర్తుగా. 1776-1976 అని రెండు సంవత్సరాలుంటే వెనుక లిబర్టీ గంట, చంద్రుడు ఉంటాయి. నెవాడా కాసినోల్లో స్లాట్ మెషిన్లలో తెగ తిరిగాయి ఇవి. మామూలువి రాగి-నికెల్, బరువు 22.68 గ్రాములు. షోలో నేను వీటికి డాలర్ కన్నా కాస్త ఎక్కువే ఇస్తాను, కానీ కాస్తే. అయితే శాన్‌ఫ్రాన్సిస్కోలో సేకరణదారుల కోసం కొట్టినవాటిలో 40 శాతం వెండి ఉన్నవి ఉన్నాయి. వాటి బరువు 24.59 గ్రాములు, అందులో దాదాపు 10 గ్రాముల వెండి. తేదీ పైన ఎస్ అక్షరం కనిపించగానే ఎగిరి గంతేయకండి, ఎందుకంటే 1973 నుంచి వెండి లేని ఎస్ నాణేలు కూడా వచ్చాయి. అంచు చూడండి. గోధుమ రంగు రాగి చార స్పష్టంగా ఉంటే మామూలుది. చార లేకుండా తెల్లగా ఉంటే వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టండి. రెండు గ్రాముల తేడా అది ఇట్టే పట్టేస్తుంది. వెండిదైతే ఖర్చు పెట్టకండి. వెండి ధర ప్రకారం అమ్ముకోవచ్చు, ఉంచుకోవచ్చు. నీలం కవర్‌లోనో గోధుమ రంగు పెట్టెలోనో ఉంటే అందులోంచి తీయకండి. పక్కింటావిడ విడిగా ఇచ్చారంటున్నారు కాబట్టి మామూలువే అయ్యే అవకాశం ఎక్కువ.

పెద్దవాటిలోనే 1878-1935 మధ్య తేదీ కనిపిస్తే ఆట మారిపోతుంది. అవి మోర్గన్ లేదా పీస్ డాలర్లు, 90 శాతం వెండి. వాటి గురించి వేరే ప్రశ్న వేయండి, ఈ సమాధానం వాటికి వర్తించదు.

తరువాత అధ్యక్షుల నాణేల అంచు. మీ డబ్బాలో డబ్బు దొరికే అవకాశం కాస్తో కూస్తో ఉన్నది ఇక్కడే. 2007 నుంచి వచ్చిన అధ్యక్షుల డాలర్లకు సంవత్సరం, టంకశాల గుర్తు, "ఈ ప్లూరిబస్ ఊనమ్" అన్న లాటిన్ నినాదం అంచు మీద చెక్కారు. "ఇన్ గాడ్ వి ట్రస్ట్" కూడా మొదట్లో అంచు మీదే ఉండేది, 2009లో ముఖం మీదికి మార్చారు. అంచు అక్షరాలు వేసేది వేరే మెషిన్. 2007లో వేలాది వాషింగ్టన్ నాణేలు ఆ మెషిన్ ముఖం చూడకుండానే బయటికొచ్చేశాయి. దేవుడి పేరు లేదని పత్రికలు గోల గోల చేశాయి. అలా అంచు నున్నగా ఉన్న వాషింగ్టన్ నాణేనికి ఇప్పటికీ కొన్ని పదుల డాలర్లు పలుకుతుంది. జాన్ ఆడమ్స్ నాణేల్లో అంచు అక్షరాలు రెండుసార్లు పడినవి ఉన్నాయి, అవీ పక్కన పెట్టండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. 2000-2008 సకాగవియాలకు అంచు నున్నగానే ఉండాలి, అది లోపం కాదు. షోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "అక్షరాలు లేని నాణెం దొరికింది" అని తెచ్చి చూపించేది దీన్నే. రెండోది, అంచు అక్షరాలు కొన్నిటికి తలకిందులుగా ఉంటాయి. ముఖం ఎటున్నా మెషిన్ పట్టించుకోదు కాబట్టి సగానికి సగం అలాగే వస్తాయి. దానికి అదనపు విలువ లేదు, యూట్యూబ్‌లో ఎవరేం చెప్పినా సరే. మూడోది, అంచును రాపిడి చేసి అక్షరాలు పోగొట్టి అమ్మేవాళ్లున్నారు. 8.1 గ్రాములు, 26.5 మిల్లీమీటర్లు రెండూ సరిపోతేనే నమ్మండి.

ఆంథనీల్లో 1979, పి అక్షరం (ఫిలడెల్ఫియా టంకశాల గుర్తు) ఉన్నవి. భుజం పైన ఎడమవైపు పి కనిపిస్తే, కింద తేదీకీ అంచుకీ మధ్య దూరం చూడండి. మామూలుదానిలో కాస్త ఖాళీ ఉంటుంది. అంచు వెడల్పై తేదీని దాదాపు తాకుతున్నట్టుంటే అది వైడ్ రిమ్ రకం, ముఖవిలువకు కొన్ని రెట్లు వస్తుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప మొదటిసారి తెలియదు, కాబట్టి పి నాణేలన్నీ ఒక వరుసలో పరిచి చూడండి. 1981 తేదీతో ఒకటి కనబడితే అది ఎవరో సెట్ విప్పి ఖర్చు పెట్టిందన్నమాట. ఉంచుకోండి, కానీ ఇల్లు కట్టేంత ఆశ వద్దు.

2000 సకాగవియా, పి. చీరియోస్ ప్రచారంలో 5,500 డబ్బాల్లో ఈ డాలర్ పెట్టారు. వాటిలో కొన్నిటికి వెనుక డేగ తోక ఈకలు మామూలు నాణేల కన్నా స్పష్టంగా, వివరంగా చెక్కి ఉంటాయి. వేల డాలర్లు పలికే రకం ఇది. డేగ పొట్ట మీద అడ్డంగా గాయంలా గీత ఉన్న రకం ఇంకోటి ఉంది, దానికీ మంచి ధరే. ఇక ఒకవైపు క్వార్టర్ మీది వాషింగ్టన్, రెండోవైపు డాలర్ డేగ ఉన్న నాణేలు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే బయటపడ్డాయి. భూతద్దం పెట్టి చూడండి, ఖర్చేం లేదు. దొరుకుతుందన్న నమ్మకంతో మాత్రం నిద్ర పాడుచేసుకోకండి.

ఇవికాక, 2002-2008 సకాగవియాలు, 2012 నుంచి వచ్చిన అధ్యక్షులవి, 2012 నుంచి వచ్చిన నేటివ్ అమెరికన్ రకాలు (సకాగవియా ముఖమే, వెనుక బొమ్మ ఏటా మారేవి), 2018 నుంచి ఆవిష్కరణల బొమ్మలతో వస్తున్న ఇన్నోవేషన్ డాలర్లు చలామణీకి విడుదల చేయలేదు. టంకశాల వీటిని ముఖవిలువ కన్నా ఎక్కువకే అమ్మింది. చిల్లరలో దొరికితే నేనైతే ఉంచుకుంటాను, మురిపెం కొద్దీ. గీతలు పడినదానికి బయట పెద్దగా ఏమీ ఇవ్వరు.

ఏరాక మిగిలిన గుట్ట ఏం చేయాలి?

చట్టప్రకారం ఇవి పూర్తిగా చెల్లే డబ్బే. కానీ ప్రైవేటు షాపు ఫలానా నోటు, ఫలానా నాణెం తీసుకుని తీరాలని ఫెడరల్ చట్టమేదీ లేదు. క్యాషియర్ నిరాకరిస్తే గొడవ పడకండి, ఆ అమ్మాయి డబ్బు సొరుగులో వీటికి గడి కూడా ఉండదు పాపం. మన ఊళ్లలో 10 రూపాయల నాణెం విషయంలో జరిగింది గుర్తుందిగా? మొత్తం 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లో ప్రకటన ఇచ్చినా, చాలాచోట్ల ఆటోవాళ్లు, కిరాణా కొట్లవాళ్లు తీసుకోలేదు. ఇక్కడి కథ వేరు. అమెరికన్లకు అనుమానం లేదు, నోటు ఉండగా బరువు మోయడం ఎందుకన్నదే బాధ. కెనడా 1987లో డాలర్ నాణెం తెచ్చి 1989లో నోటు ఆపేసింది, జనం వారంలో తిట్టుకోవడం, నెలలో అలవాటుపడటం. అమెరికా నోటును ముట్టుకోలేదు. నోటు తీసేస్తే 30 ఏళ్లలో 550 కోట్ల డాలర్లు మిగులుతాయని 2011లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క వేసింది. నోట్లు ఇప్పుడు ఎక్కువ కాలం మన్నుతున్నాయి కాబట్టి మిగులు లేదు సరికదా నష్టమేనని 2019లో అదే సంస్థ తేల్చింది. 2025 నవంబర్‌లో పెన్నీ (ఒక సెంటు నాణెం) కొట్టడం ఆపేశాక "ఇక డాలర్ నాణేనికి రోజులొస్తాయా" అని చాలామంది అడుగుతున్నారు. నాకైతే ఆ సూచనలేవీ కనబడట్లేదు.

విచిత్రమేమిటంటే, ఇంట్లో చెల్లని ఈ నాణెం ఈక్వెడార్‌లో హాయిగా చెల్లుతుంది. 2000లో ఆ దేశం తన కరెన్సీ వదిలి అమెరికా డాలర్‌కు మారింది, సకాగవియాలు అక్కడి సంతల్లో రోజూ తిరుగుతాయి.

నాకు తెలిసిన తేలికైన దారి బ్యాంకు. 25 చొప్పున కాగితపు రోల్స్‌లో చుట్టి కౌంటర్లో ఇవ్వండి, మీ ఖాతాలో 25 డాలర్లు పడతాయి. రోల్ కాగితాలు బ్యాంకువాళ్లే ఇస్తారు. సూపర్ మార్కెట్లో ఉండే నాణేలు లెక్కపెట్టే మెషిన్లో పోయకండి, కమీషన్ కోస్తుంది. మెషిన్లలో వాడాలంటే లాండ్రీ, పార్కింగ్, కొన్ని నగరాల బస్సులు బాగా పనికొస్తాయి. ఆంథనీలు షాపులో ఇచ్చేటప్పుడు మాత్రం "డాలర్ కాయిన్" అని నోటితో చెప్పి ఇవ్వండి, లేకపోతే క్వార్టర్ల సొరుగులోకి వెళ్లి మీకు 75 సెంట్లు బొక్క.

మా ఇంట్లో ఖర్చు ఇంకోలా అవుతుంది. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు నూట పదహార్లు చదివిస్తే కవర్‌లో ఆఖరి డాలర్ నాణెమే పెడతాం. సంక్రాంతికి భోగిపళ్లలో చిల్లర కలుపుతాం కదా, అందులో కొత్తవి కొన్ని వేస్తాం. బరువుంటాయి కాబట్టి పసిపిల్లల తల మీద కాకుండా పక్కకు పడేలా పోయమని మా ఆవిడ పోరు. పిల్లలకు ఆసక్తి ఉంటే ఒక్కో డిజైన్ ఒక్కటి ఉంచండి. అధ్యక్షులు మొత్తం 40 నాణేలు, చనిపోయి రెండేళ్లయినవాళ్లకే చోటు. నాకు నచ్చేది మాత్రం 2009 నేటివ్ అమెరికన్ నాణెం, వెనుక మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసిన అంతరపంట ఉంటుంది.

ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటే అడుగుతున్న ధర కాదు, నిజంగా అమ్ముడైన ధర చూడండి. వెతికేటప్పుడు "సోల్డ్" అన్న ఫిల్టర్ పెట్టండి. లక్ష డాలర్లకు పెట్టిన ఆడమ్స్ నాణెం పక్కనే రెండు డాలర్లకు అమ్ముడైనది కనిపిస్తుంది. గ్రేడింగ్‌కు, అంటే నాణెం నాణ్యత తేల్చి చెప్పే సంస్థకు, పంపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఫీజు, పోస్టేజీ కలిపితే మామూలు నాణేనికి అది దండగ. రంగులు పూసినవి, బంగారు పూత వేసినవి టీవీలో అమ్ముతారు చూడండి, వాటిని నేను డాలర్‌కు కొనడానికి కూడా వెనకాడతాను.

చివరగా, వీటిని ఇండియాకు తీసుకెళ్లి మార్చుకోవచ్చా అని మీరు అడిగారు. తీసుకెళ్లడానికి ఇబ్బందేం లేదు, విదేశీ నాణేలు ఎన్నైనా ఉంచుకోవచ్చని అక్కడి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలే చెబుతాయి, పరిమితి నోట్లకే. కానీ మనీ ఛేంజర్లు మామూలుగా నోట్లే తీసుకుంటారు, నాణేలు ముట్టుకోరు. తిరుమల హుండీలో వేయాలనుకున్నా నోటు వేస్తేనే మార్చుకోవడం సులువు. "మీ అమెరికా బంగారు నాణేనికి లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని మీ నాన్నగారికి ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని ఫీజులు, పన్నులు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది. ఆయనకు ఒకటో రెండో చూడ్డానికి తీసుకెళ్లండి, మిగతావి ఇక్కడి బ్యాంకులోనే వేసి వెళ్లండి.